కొనకూడదు, ఎక్కవచ్చు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకెస్టర్ కౌంటీ. పొలాల నడుమ తారురోడ్డు మీద బూడిదరంగు గుర్రబ్బగ్గీ పోతుంటే, వెనక కార్లు సందు దొరికేదాకా ఓపిక పట్టాలి. బగ్గీ తోలే గడ్డపాయన ఆమిష్ క్రైస్తవుడు. కారు కొనడు, నడపడు. అదే మనిషి దూరపు ఊళ్లో పెళ్లికి వెళ్లాలంటే మాత్రం బయటి డ్రైవర్ని మాట్లాడుకుని, మైలుకింతని ఇచ్చి దర్జాగా వ్యానెక్కుతాడు.

కారు పాపమైతే ఎక్కడం పుణ్యమా అని ఎగతాళి చేసేవాళ్లకు కొదవలేదు. జైన సాధువులకు ఈ చిక్కు లేదు, వాళ్లది కాలినడకే. విదేశాల్లో ధర్మప్రచారానికి వాహనమెక్కే వెసులుబాటు కావాలని తేరాపంథ్ శాఖ అధిపతి ఆచార్య తులసి 1980లో సమణ శ్రేణి పేరిట ఒక ప్రత్యేక వర్గాన్నే ఏర్పరచారు. అక్కడ ప్రశ్న అహింసది.

ఆమిష్‌లు అడిగే ప్రశ్న వేరు. ఈ వస్తువు ఇంటికొస్తే ఇరుగుపొరుగు ఏమైపోతారు? వాళ్లకు చర్చి భవనాలుండవు. వారం విడిచి వారం, ఎవరో ఒకరి ఇంట్లోనో కొట్టంలోనో ప్రార్థన. ఊరంతా గుర్రం వెళ్లి రాగలిగిన దూరంలో ఉంటేనే అది సాగుతుంది. ఇంటికో కారుంటే తలా ఒక దిక్కు పోతారన్నది పెద్దల భయం. ఇంధనంతో వాళ్లకు పేచీ లేదు. చాలాచోట్ల సౌరఫలకాలతో బ్యాటరీలు ఛార్జి చేసుకుంటారు. ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో కొందరు ఎలక్ట్రిక్ సైకిళ్లు కూడా తొక్కుతున్నారు.

మన కార్ల బెడదకు ఇప్పుడు ప్రభుత్వాలు, కంపెనీలు చెప్పే పరిష్కారం ఎలక్ట్రిక్ కారు. పొగ తగ్గుతుంది, మంచిదే. కానీ రోడ్డు మీద అది పట్టే చోటు అంతే, ట్రాఫిక్‌లో నిలబడే వరసా అంతే.

పోనీ, సొంత కారు మానేసి యాప్‌లో టాక్సీ పిలిస్తే? అక్కడా ఒక మెలిక ఉంది. 2010, 2016 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగిన రద్దీలో దాదాపు సగానికి యాప్ టాక్సీలే కారణమని ఆ నగర రవాణా సంస్థ 2018లో తేల్చింది. కొనకపోయినంత మాత్రాన తిరగడం తగ్గదన్నమాట. ఆమిష్ వ్యాను సంగతి వేరు. డ్రైవర్‌కి ముందే చెప్పాలి, మైలు మైలుకీ డబ్బు కళ్లముందే కరుగుతుంది, కాబట్టి అటే వెళ్లే మరో నలుగురిని కలుపుకోవాలనిపిస్తుంది. అసలు వెళ్లాలా అన్న ఆలోచనా వస్తుంది. సొంత కారున్నవాడికి ఆ ఆలోచన రాదు. లక్షలు ముందే పోసేశాడు గనక సందు చివర పాలప్యాకెట్‌కి వెళ్లినా ఉచితమే అనిపిస్తుంది.

దీన్ని స్వర్గమని పొగడనక్కర్లేదు. కార్లు వెనకనుంచి గుద్ది బగ్గీల్లోని పసిపిల్లలు చనిపోయిన సంఘటనలున్నాయి. బాప్తిస్మం తీసుకున్నాక కారు కొంటే వెలివేత తప్పకపోవచ్చు. ఏ నగరపాలక సంస్థా అలా వెలివేయలేదు.

వెలివేతకు బదులు సింగపూర్ వేలాన్ని నమ్ముకుంది. అక్కడ 1990 నుంచి కారు కొనాలంటే ముందు పదేళ్ల అనుమతిపత్రం పాడుకోవాలి. 2023లో చిన్న కార్ల పత్రమే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. కార్ల సంఖ్య అదుపులో ఉంది, నిజమే. అయితే అక్కడ నిగ్రహం డబ్బు లేనివాడి వంతు. లాంకెస్టర్‌లో బిషప్పూ బగ్గీలోనే వెళ్లాలి.