ఆగడం ఓటమి కాదు



1984 ఆగస్టు 5. ఒలింపిక్స్‌లో మహిళలకు తొలి మారథాన్ లాస్ ఏంజెలెస్‌లో జరిగిన రోజు. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్ చివరి నీళ్ల కేంద్రం దగ్గర నీళ్లు తాగలేకపోయింది. స్టేడియంలోకి వచ్చేసరికి వడదెబ్బకు ఒళ్లు ఓ పక్కకు ఒరిగిపోయింది. ఎవరైనా ముట్టుకుంటే ఆమెను పోటీ నుంచి తప్పిస్తారు. అందుకే వైద్యులు ఆమెకు చెమట పడుతోందా అని గమనిస్తూ పక్కనే నడిచారు. 37వ స్థానంలో గీత దాటి వాళ్ల చేతుల్లో వాలిపోయింది.

ఆమె పట్టుదలకు దండం పెడదాం. పక్కన నడిచిన ఆ వైద్యుల కళ్లకూ దండం పెడదాం.

గుంటూరు, ఒంగోలు రోడ్ల మీద పరుగెత్తేవారికి, మిరప కోతల్లో, పత్తితీతల్లో వంగిన అక్కచెల్లెళ్లకు పక్కన వైద్యుడు ఉండడు. తోటివాళ్లే ఆ కళ్లు కావాలి. తల తిరిగినా, వాంతి వచ్చినా నీడకు చేర్చండి. తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. స్పృహలో ఉంటే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడితే, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

పందెం మళ్లీ వస్తుంది, కోత రేపూ ఉంటుంది. ఒళ్లు ఆగమంటే ధైర్యంగా ఆగండి.