బావమరిదికి కాంట్రాక్టు ఇవ్వొచ్చా?

మన బెంగళూరు కార్పొరేటర్లకు, 2021 దాకా ఇక్కడ వర్తించిన 1976 నాటి కర్ణాటక మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ఒక షరతు పెట్టింది. పదవిలోకి వచ్చిన నెలలోపు, ఆ తర్వాత ఏటా ఒకసారి, తనకూ తన ఉమ్మడి కుటుంబంలోని వాళ్లకూ ఉన్న ఆస్తుల వివరాలు మేయరుకు రాసివ్వాల్సి ఉండేది. ఇవ్వకపోయినా, తప్పుడు లెక్క ఇచ్చినా పదవి పోయేది. ఇంకో షరతు కూడా ఉండేది. కార్పొరేషన్ చేయించే పనుల్లో తనకు గానీ, తన వ్యాపార భాగస్వామికి గానీ వాటా ఉండకూడదు. సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు కోసం ఇవి చదువుతుంటే నాకొక సందేహం వచ్చింది. మరి బావమరిది?

బావమరిది ఉమ్మడి కుటుంబంలో మనిషి కాదు. వ్యాపారంలో భాగస్వామి కాకపోవచ్చు. "పరోక్షంగా" అనే మాట చట్టంలో ఉంది గానీ, బావమరిదికి వచ్చిన లాభం కార్పొరేటర్‌కు పరోక్ష లాభమని రుజువు చేసేదెవరు? మన భాషలో బావ, తోడల్లుడు, వియ్యంకుడు, మేనమామ అని ప్రతి చుట్టరికానికీ ఒక పేరుంది. చట్టానికి అన్ని పేర్లు తెలియవు. ఇంగ్లండులో కూడా ఇంతే. అక్కడ 2011లో తెచ్చిన స్థానిక పాలన చట్టం ప్రకారం కౌన్సిలర్ తనవీ, తన భార్య లేదా భర్తవీ ఆర్థిక ప్రయోజనాలు చెప్పాలి, దాస్తే నేరం. బావమరిది ఊసు అక్కడా లేదు.

మా నాయన మేస్త్రీ. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా పక్క వీధిలో మోరీ కట్టే పని నాయన వాళ్ల గుంపుకు వస్తుందనుకున్నారు. రాలేదు. ఒక పెద్దమనిషి చుట్టానికి పోయింది. వాన పడితే ఇప్పటికీ అక్కడ నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. నాయన దాని గురించి చాలాసార్లు కోపంగా మాట్లాడతాడు. అయితే మొన్న నేను "మన మామ కార్పొరేటర్ అయితే నీకు పని ఇస్తాడా?" అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఇవ్వకుండా ఎట్లా ఉంటాడు? ఇవ్వకపోతే చుట్టమెట్లా అవుతాడు?" అన్నాడు.

నాయన మాటలో అన్యాయం ఉందని నేను అనుకోవడం లేదు. ఇంట్లో మనవాళ్లకు ముందు పెట్టడం మంచితనమే. పండక్కి మామ మాకు బట్టలు తెస్తే, ఎదురింటి పిల్లలకు ఎందుకు తేలేదని ఎవరూ అడగరు. కానీ ఆ మామే కార్పొరేషన్ డబ్బుతో మాకు ముందు పెడితే అది తప్పు. మనిషి అదే, ప్రేమ అదే. మారింది డబ్బు ఎవరిదన్నదే. అందుకే ఈ తప్పు దొంగతనంలాగా కనిపించదు, సాయంలాగా కనిపిస్తుంది. చేసేవాడికి కూడా అట్లాగే కనిపిస్తుందేమో. కాబట్టి "మంచివాళ్లను ఎన్నుకుంటే చాలు, నియమాలెందుకు" అనే మాట నాకు నచ్చదు. మంచివాడే ఇక్కడ ఎక్కువ ఇబ్బందిలో పడతాడు.

నా ఉద్దేశంలో నియమం కఠినంగా ఉంటే మామకే మేలు. చుట్టాలు వచ్చి కూర్చుంటే "నాకిష్టం లేదు" అంటే గర్వం వచ్చిందంటారు. "చట్టం ఒప్పుకోదు బావా" అంటే కాఫీ తాగి వెళ్లిపోతారు.

అమ్మ దీనికి ఒప్పుకోలేదు. "ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు చేసుకుంటున్నవాడు, బావ గెలిచాడని బతుకుదెరువు మానుకోవాలా?" అని అడిగింది. ఇది గట్టి ప్రశ్నే. మానుకోనక్కర్లేదని నాకూ అనిపిస్తుంది. టెండరు వేసుకోవచ్చు. కానీ ఫలానా ఆయన నా బావమరిది అని కార్పొరేటర్ ముందే కాగితం మీద చెప్పాలి, ఆ పని గురించి చర్చ వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లాలి. ఆ కాగితం వార్డు ఆఫీసు గోడమీద అంటించాలి.

తెలుగు రాష్ట్రాల నియమాలు చూస్తే ఇంకా వింతగా ఉంది. ఆంధ్రలో ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1990ల్లో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో తీసేశారు. తీసెయ్యడమే మంచిది, పిల్లల లెక్కకూ నిజాయితీకీ ఏం సంబంధం? తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే వార్డు సభ్యుడి పదవికే ముప్పు అంది. అది కనీసం పని గురించిన ప్రశ్న. పిల్లల్ని లెక్కపెట్టారు, మొక్కల్ని లెక్కపెట్టారు, చుట్టాల దగ్గరికి మాత్రం రాలేదు.

రాసినంత మాత్రాన అడిగేవాళ్లు ఉంటారనీ కాదు. ఆస్తుల కాగితం తీసుకోవాల్సిన మేయరును ఎన్నుకునేవాళ్లలో కార్పొరేటర్లే ఎక్కువ. తన ఓటర్లను ఆయన గట్టిగా అడగగలడా? పైగా మన నగరంలో 2015లో గెలిచినవాళ్ల గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. ఆ తర్వాత అయిదేళ్లు కార్పొరేటర్లూ లేరు, మేయరూ లేరు, అధికారుల పాలనే. ఇంగ్లండులో 2011 చట్టం తప్పు చేసిన కౌన్సిలర్‌ను సస్పెండ్ చేసే అధికారం తీసేసింది. అది మళ్లీ కావాలా అని 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రజల్ని అడిగింది. మనల్ని ఇట్లాంటివి అడిగితే బాగుండు.

2025 సెప్టెంబరు 2 నుంచి బెంగళూరు 5 కార్పొరేషన్లయింది. అన్నీ కలిపి 369 వార్డులు. ఓట్లడగడానికి వచ్చేవాళ్లను మా వీధివాళ్లు నీళ్ల గురించి, మోరీ గురించి, ఈ-ఖాతా గురించి అడుగుతారు. నాకు ఓటు రావడానికి ఇంకా మూడేళ్లుంది కాబట్టి, "మీ చుట్టాల్లో కాంట్రాక్టర్లు ఎవరున్నారు?" అని కూడా అడగమని అమ్మకు చెప్పాను. "నేనెందుకే, మీ నాయనను అడగమను. ఎవరు ఎవరికి బావమరిదో మేస్త్రీలకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు" అంది.