సేతువు మీది కంపనం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కొలరాడో నది యుగయుగాలుగా కోసికొనిపోయిన ఎర్రని ఇసుకరాతి సీమలో, మోయాబ్ పట్టణానికి చేరువన ఫ్రూట్ బౌల్ అనే చిన్న లోయ ఒకటి ఉన్నది. అచ్చటికి చేరే సాహసికులు ఈ కొమ్ము నుండి ఆ కొమ్ముకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల నేతపట్టీని బిగించి, పాదరక్షలు విడిచి, శూన్యం మీద నడుస్తారు. హైలైనింగ్ అని దానికి పేరు. లోకానికి ఇది వినోదం, అంతర్ముఖునికి శాస్త్రవ్యాఖ్యానం.

ఆ సీమలో శిలారోహణ చేసేవారు ఒక నియమాన్ని పాటిస్తారు: వాన కురిసిన వెంటనే కొండనెక్కరాదు. తడిసిన ఇసుకరాయి పైకి ఆరినట్లే కనబడుతూ లోపల బలం కోల్పోయి ఉండి, నమ్మి పట్టుకున్న అంచే విరిగి చేతిలోకి వస్తుంది. శోకంతో తడిసిన మనస్సుపై నిలిపిన సంకల్పమూ అటువంటిదే కనుకనే పెద్దలు శ్మశానవైరాగ్యాన్ని వైరాగ్యాలలో లెక్కించలేదు. ఆరే వరకు వేచి ఉండడం కూడా ఆరోహణలో భాగమే.

ఇక పట్టీ సంగతి. నడిచేవాని పాదం ఇసుమంత వణికినా ఆ వణుకు అలయై సాగి, ఆవలి రాతిలో దిగగొట్టిన మేకులను తాకి, తిరిగి ఆ పాదాన్నే చేరుతుంది. తాను పంపినదే తనకు తిరిగి వచ్చినదని ఎరుగని నవశిష్యుడు, పట్టీయే తనపై తిరగబడినదని తలచి, దానిని అణచబోయి బిగుసుకొని మరింత పెద్ద అలను పుట్టిస్తాడు. ఆరితేరినవాడు మోకాళ్లను సడలించి, చూపును ఆవలి కొస మీద నిలిపి, వచ్చినదానిని తన గుండా పోనిస్తాడు. వచ్చే అల ప్రారబ్ధం, అనగా వెనుకటి కర్మకు ఇప్పుడు అనుభవించే ఫలం. దానికి బెదరి కొత్తగా పుట్టించే అల ఆగామి, అనగా ఇప్పుడు చేసి ముందుకు కూడబెట్టుకునే కర్మ. మొదటిదానిని ఆపే శక్తి ఎవరికీ లేదు, రెండవదానిని పుట్టించమని బలవంతపెట్టేవారూ ఎవరూ లేరు. ప్రధానమైన పట్టీ కింద కాస్త వదులుగా మరొక పట్టీ వేలాడుతూ ఉంటుంది. పైది తెగితే తప్ప దానిపై భారం పడదు, నడిచేవానికి అది గుర్తుకైనా రాదు. గురుకృప ఉండే తీరు కూడా ఇంతే. జారినవాడు నడుముకు కట్టిన తాడుకు వేలాడి, చేతులతో పాకి పట్టీపైకి వచ్చి కూర్చుంటాడు. కూర్చున్న చోటి నుండి లేచి నిలబడడమే నడకకన్న కష్టమట. మన పల్లెలలో దొమ్మరివారు ఏ తాడూ కట్టుకోకుండానే తాడు మీద నడిచి చూపించారు. గుప్పెడు గింజలు విదిల్చి చూసినవారు ఆ విద్యలోని యోగాన్ని గుర్తించలేకపోయారు.

1985లో శిలారోహకుడు స్కాట్ బాల్కమ్ అమెరికాలోనే ఉన్న యోసెమిటీలోని లాస్ట్ యారో శిఖరానికి ఇటువంటి పట్టీ మీదుగా చేరినప్పుడు, మధ్యనున్న అగాధం ఒక్క అంగుళమైనా పూడలేదు. ఛాందోగ్యోపనిషత్తు ఆత్మను సేతువని చెప్పి, లోకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా పట్టి ఉంచేది అదేనని వివరించింది. కలపడం, వేరుగా నిలపడం రెండూ సేతువు పనులే: రెండు కొమ్ములూ తమ తమ చోట కదలక నిలిచి ఎదురెదురుగా లాగితేనే నడుమ పట్టీ బిగుస్తుంది. ఫ్రూట్ బౌల్‌లో ఆవలి రాతిని చేరినవాడు దానిని అరచేతితో ఒకసారి తాకి, అక్కడ ఇక్కడివంటి ఎర్రరాయే ఉన్నదని చూసి, వచ్చిన దారినే వెనుదిరుగుతాడు.