ఎంత వేడి చాలు?

గుండు విరిగితే బద్ద. బద్దయితే ధర తగ్గుతుంది. వేటపాలెం జీడిపప్పు వ్యాపారంలో లాభనష్టాలు చాలావరకు ఈ రెండు మాటల మధ్యే తేలిపోతాయి.

పెంకు కొట్టి తీసిన పప్పుకు ఎర్రటి పొర అంటుకుని ఉంటుంది. అది ఊడాలంటే డ్రయ్యర్‌లో సుమారు 70 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి. తడి మిగిలితే పొర వదలదు. వేడి మితిమీరితే పప్పు రంగు మారుతుంది, పెళుసెక్కి వేళ్ల మధ్యే విరుగుతుంది. చేత్తో నాలుగు గింజలు నలిపి చూసి ఈ హద్దు పట్టుకోవడం పాత విద్య. కరెంటు డ్రయ్యర్‌కైతే ఆ పని తలుపు పక్కనుండే చిన్న పెట్టె చేస్తుంది. దాని మీద రెండు అంకెలు: లోపల ఉన్న వేడి ఒకటి, మనం కోరిన వేడి ఇంకొకటి.

లోపల ట్రేల మధ్య థర్మోకపుల్ కొన ఉంటుంది. రెండు వేర్వేరు లోహపు తీగల్ని కలిపిన చోట వేడి తగిలితే అతి స్వల్పంగా విద్యుత్తు పుడుతుందని 1821లో జీబెక్ గమనించిన విషయమే దానికి ఆధారం. పెట్టె ఆ విద్యుత్తును డిగ్రీల్లోకి మార్చుకుని, కోరిన అంకెలోంచి తీసేస్తుంది. తక్కువైతే రిలే టక్కుమంటుంది, కాయిల్ ఎర్రబడుతుంది. సరిపోతే మళ్లీ టక్కు, కరెంటు ఆగుతుంది. కాయిల్‌లో మిగిలిన వేడి మాత్రం ఆగదు కనుక 70 దాటి కొన్ని డిగ్రీలు పైకి పోతుంది. కాస్త తెలివైన పెట్టె ఇప్పటి తేడాతో పాటు ఇంతవరకు పోగైన తేడానూ, అది మారుతున్న వేగాన్నీ లెక్కేసి, గమ్యం రాకముందే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఈ లెక్కకు 1922లో గణితరూపం ఇచ్చిన మినోర్‌స్కీ, ఓడలో చుక్కాని పట్టేవాళ్లను చూసి దాన్ని పట్టుకున్నాడు. అంటే యంత్రం ఈ నిగ్రహాన్ని మనిషి దగ్గరే నేర్చుకుంది.

అయితే అది నిగ్రహమేనా? పొంగదు, కుంగదు, అనుకున్న చోటే నిలుస్తుంది. మన పెద్దలు మెచ్చుకున్న స్థితప్రజ్ఞుడికి ఇంతకంటే మంచి నమూనా దొరకదేమో. కానీ పొరపాటున ఎవరైనా 70 బదులు 170 పెడితే, అంతే నిష్ఠగా పప్పంతా మాడ్చేస్తుంది. థర్మోకపుల్ జారి బయట వేలాడితే, బయటి చల్లదనాన్నే లోకమనుకుని లోపల ఇంకా మంట పెంచుతుంది. దానికి తేడా తెలుసు, తప్పు తెలియదు. ఎక్కడ కొలవాలో, ఎంత చాలో దాన్నెవరూ అడగరు. అదీ ఎవర్నీ అడగదు.

మన ఒంటినే చూడండి. 37 డిగ్రీల దగ్గర నిలబడడానికి చెమట పోస్తుంది, వణుకుతుంది. జబ్బు చేస్తే మాత్రం ఆ అంకెను తనే పైకి జరుపుకుంటుంది. జ్వరమంటే అదే: రోగాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తన గురిని తాను మార్చుకోవడం. ఒంటికే అంత చొరవ ఉంటే, మనసుకు ఇంకెంత ఉండాలి? తాతలు పెట్టిపోయిన అంకెల్ని, ఆచారం పెట్టినవైనా అంగడి పెట్టినవైనా, మార్చకుండా కాపాడుకుంటూ పోవడాన్ని శాంతి అనుకుందామా?

ఆ అంకెలు ఎవరి కోసమన్నదీ అడగాలి. తత్వవేత్త ఎం.ఎన్. రాయ్ చెప్పిన నవ్య మానవవాదానికి తెనాలిలో ఒకప్పుడు గట్టి అనుచరులుండేవారు. అన్నిటికీ మనిషే కొలమానం అనేది వాళ్ల మాట. ఆ కొలమానంతోనే డ్రయ్యర్ గది దాటి పక్క గదిలోకి వెళ్దాం. అక్కడ ఆడవాళ్లు కింద కూర్చుని, ఆరిన పప్పు పొట్టు గోటితో, చాకుతో తీస్తుంటారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనూ అదే పని. పప్పు రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే టక్కుమనే ఏర్పాటు ఉంది. ఆ చేతులు వేడెక్కితే టక్కుమనేది ఏదీ?

1950లోనే నార్బర్ట్ వీనర్, మనుషుల్ని మనుషులుగా వాడుకోవడం గురించి ఒక పుస్తకమే రాశాడు. స్వయంనియంత్రణ శాస్త్రానికి పేరు పెట్టినవాడే ఆ బెంగ పడ్డాడు. యంత్రం మనల్ని మించిపోతుందన్న భయం నాకు అంతగా లేదు. మనమే దానిలా తయారై, ఎవరో పెట్టిన అంకె దగ్గర కదలకుండా నిలబడడమే గొప్ప అనుకుంటామేమోనన్నది నా భయం.

జీడిపప్పు యూనిట్లు నడిపేవారికి ఒక్క మాట. గోడకు తగిలించే థర్మామీటరుకు పెద్ద ఖర్చవదు. ఈ వేసవిలో దాన్ని పొట్టు తీసే గదిలో పెట్టండి. ఎంత చాలో అక్కడ కూర్చునేవాళ్లనే అడగండి.