ఆపరేషన్ బల్లపై అడగని ప్రశ్న



ఇటీవల బచ్చన్నపేట ప్రాంతపు తల్లి ఒకామె పసిబిడ్డను ఎత్తుకొని గురునివాసానికి వచ్చింది. పాపసంకీర్తనంలో విన్న మాట కాదిది. "పత్రికల రాయండి ఫాదర్, నలుగురికి ఎరుకైతది" అని ఆమే కోరింది. పెద్దాపరేషన్‌తో కాన్పయింది. నెలన్నరకు పరీక్షకు పోతే లోపల కాపర్ టీ ఉన్నదన్నారు. "నన్నెవ్వరు అడగలే. సంతకం మా ఆయన పెట్టిండట, దేనికో ఆయనకూ ఎరుక లేదు. నేను సత్ప్రసాదం తీసుకోవచ్చా ఫాదర్?"

ఆ చివరి మాట దగ్గర ఏడ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. కనుక ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. మాయ తీసిన తర్వాత, గర్భసంచి కుట్టకముందే దీనిని లోపల అమర్చుతారు. రకాన్నిబట్టి 5 లేక 10 ఏళ్ళు పనిచేస్తుంది. అయితే గర్భిణిగా ఉన్నప్పుడే వివరించి, ఆమె సమ్మతి పొందాలన్నది ప్రభుత్వ నియమమే. భర్త సంతకం ఆమె సమ్మతి కాదు.

డాక్టర్ల భయం అబద్ధం కాదు. గర్భసంచి గాయం బాగా మానకముందే మళ్ళీ గర్భం వస్తే కుట్టు విచ్చే ప్రమాదమున్నది. శ్రీసభ ఎడం వద్దనలేదు. 1968లో 6వ పౌలు పోపుగారు 'హ్యుమానే వీతే' లేఖలో, తగిన కారణముంటే స్త్రీ దేహపు సహజ కాలాలను అనుసరించి ఎడం పాటించవచ్చునన్నారు; దాంపత్య కలయికను కావాలని నిష్ఫలం చేసే సాధనాలను మాత్రం అంగీకరించలేదు.

మరి ఈ తల్లి పాపం చేసిందా? లేదు. తెలిసి, మనసారా సమ్మతించినప్పుడే చావైన పాపమని సత్యోపదేశం. ఆమెకు తెలియనూ లేదు, సమ్మతించనూ లేదు. నిస్సంకోచంగా సత్ప్రసాదం స్వీకరించమన్నాను. ఇప్పుడు తెలిసింది గనుక తీయించుకోమన్నాను. దవాఖానలో అడిగితే తీస్తారు, ఇంట్లో ఎవరూ దారం లాగరాదు. బిడ్డకు 6 నెలలలోపు తల్లిపాలు తప్ప మరేదీ పట్టకుండా, నెలసరి తిరిగి రాకుండా ఉంటే గర్భం వచ్చే అవకాశం నూటికి రెండు మాత్రమే. ఆ తర్వాత దేహ లక్షణాలు గమనించే పద్ధతిని దంపతులిద్దరూ నేర్చుకోవాలి.

గర్భిణులైన మీరు ఏడో నెలలోనే డాక్టరమ్మకు మీ మాట చెప్పండి, కార్డు మీద రాయించండి.

వచ్చే ఆదివారం పూజ తర్వాత భర్తను వెంటబెట్టుకొని రమ్మన్నాను. ఆయనతో మాట్లాడవలసిందే ఎక్కువ ఉన్నది.