ముసలి పిల్లికి మన ఋణము



జనగామ వైపు గాని, మహబూబాబాదు తండాలలో గాని, భూపాలపల్లి అడవి అంచున గాని, వడ్లబస్తాలున్న ఇంట పిల్లి యుండుట మీరెరిగినదే. మనము దానిని పిలువలేదు, కొనలేదు. ఎలుకలకొఱకు వచ్చినది, పొయ్యి ప్రక్కను తావు చేసికొన్నది, మెల్లగా పిల్లల పక్కలోనికి ఎక్కినది. పది పన్నెండేండ్లు గడచును. అప్పుడది ఎలుకను తరుమలేదు. మాటిమాటికి నీళ్లు త్రాగును, చిక్కిపోవును, నోరు వాసన కొట్టును, ఒక్కొక్కప్పుడు ఇంటిలోనే మూత్రము విడుచును. ఇంటివారిలో ఎవరో ఒకరు గోనెసంచి వెదకుదురు.

ఆ గోనెసంచిని గూర్చియే మీతో మాటలాడగోరుచున్నాను. పిల్లిని చంపిన పాపము గుడి కట్టినను పోదని మన యూళ్లలో సామెత. అందుచేత ఎవరును దానిని చంపరు. సంచిలో కట్టి, చెరువుకట్ట దాటించి, పొరుగూరి పొలిమేరలో విప్పి వచ్చెదరు. చేతికి నెత్తురంటలేదు గనుక మనస్సాక్షి హాయిగా నిద్రించును. అయితే పండ్లు ఊడిన, పరుగెత్తలేని జీవి అక్కడ ఏమి తినును? ఊరకుక్కలు దానిని ఊరకే విడుచునా? మనము చూడలేదు గనుక ఆ చావు మన లెక్కలోనికి రాకపోవునా? 1960లో మన పార్లమెంటు చేసిన జంతుహింస నివారణ చట్టము సహితము, ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుటను నేరముగా ఎంచినది. సామెతకు కనబడనిది చట్టమునకు కనబడినది!

పిల్లి తన కడుపుకొఱకే ఎలుకలను పట్టినది, దానికి మనమేమి ఋణపడితిమని మీలో ఒకరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. నాకు తోచినంతవరకు, ఆ ఋణము ఎలుకలవలన వచ్చినది కాదు. ఇన్నేండ్లు మన చేతి అన్నమునకు అలవాటు చేసి, మన గడప తప్ప మరియొక గడప ఎరుగనిదానిగా దానిని చేసినది మనమే. నమ్మకము కలుగజేసినవాడు ఆ నమ్మకమునకు ఉత్తరవాది. పనిచేసినంతకాలమే అన్నము పెట్టెదనన్న నియమము కూలివానితో సహితము న్యాయము కాదు. నోరులేనిదానితో ఎట్లు న్యాయమగును?

ఇంట పెంచుకొను పిల్లి మాట మన 66 గ్రంథములలో కనబడదు. అయినను నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన కథ జ్ఞాపకము చేసికొనుడి. ఒక పేదవాడు తన బిడ్డలతోపాటు సాకిన గొఱ్ఱెపిల్ల కథ అది. ఇంత చిన్న జంతువుమీద ఇంత ప్రేమయేమని ప్రవక్త నవ్వలేదు, రాజు నవ్వలేదు. రాజునకు కోపము వచ్చినది ఆ గొఱ్ఱెపిల్లను తీసికొన్నవానిమీదనే.

ఒక సంఘములో ఒక పెద్దమ్మ నన్ను అడిగినది: “అయ్యగారూ, మా ముసలి పిల్లికి జబ్బు చేసింది. దవాఖానకు తీస్కపోత అంటే నా కొడుకు నవ్వుతున్నడు. మనుషులకే మందుల్లేవు, పిల్లికి మందేందంటడు. నేను చేసేది తప్పా?” కొడుకు మాట తేలికైనది కాదు. అప్పుచేసియో, బిడ్డ బడిఫీజు ఆపియో పిల్లికి వైద్యము చేయుమని నేనెవరికిని చెప్పను. కాని పిల్లిని పారవేసి మిగిల్చిన రూపాయలు పేదవాని మందులకు పోయినట్లు ఇన్నేండ్ల పరిచర్యలో నేను చూడలేదు. అవి ఎక్కువగా కల్లు దుకాణమునకే పోవును. పైగా ఆమె చేయవలసినదానిలో చాలభాగమునకు డబ్బు అక్కరలేదు.

ముసలి పిల్లులకు తరచుగా చెడునవి మూత్రపిండములు. అందుచేతనే అది అంత నీరు త్రాగును. ఇల్లు తడుపుచున్నదని నీళ్లగిన్నె తీసివేయుట దానిని చంపుటయే. ఆ రోగము పూర్తిగా కుదరదు గాని, నీరు, మెత్తని తిండి, వైద్యుని సూదిమందులవలన కొన్ని నెలలు, కొన్నిసార్లు ఏండ్లు, నెమ్మదిగా బ్రదుకవచ్చును. తిండి కొంచెము వెచ్చజేసిన వాసనకు తినును. రెండు మూడు దినములు ఏమియు తినకపోయినయెడల కాలేయముకూడ చెడవచ్చును గనుక ఆలస్యము చేయవద్దు. మరియొక సంగతి గట్టిగా చెప్పుచున్నాను: మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాలు పిల్లికి విషము. దానిని అరగించి బయటికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. ఒక్క మాత్ర చాలు, రక్తము ప్రాణవాయువును మోయలేక పిల్లి చచ్చును. జాలితో ఇచ్చిన మాత్రయైనను అంతే.

2017లో మన రాష్ట్రములో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనములు ప్రారంభమైనవి. అవి ముఖ్యముగా గొడ్లకొఱకు పెట్టినవైనను, అడుగుటలో తప్పులేదు. మండల పశువైద్యశాలలోనైనను అడుగవచ్చును.

ఇక బాధ తీరదని వైద్యుడే చెప్పి, నిద్రపుచ్చు సూది వేయుదునన్నయెడల? దేవుడిచ్చిన ప్రాణమును మనము ముట్టరాదని కొందరు విశ్వాసులందురు. వారిని నేను తీసివేయను. అయినను ఆ సూదిని గోనెసంచితో సమానముగా ఎంచలేను. సంచి విప్పినవాడు వెనుక చూడక నడచిపోవును. ఇక్కడ ఇంటివారు దానిని ఒడిలో పెట్టుకొని కడవరకు కూర్చుండవచ్చును. తీసికొనిపోవునప్పుడు సంచిలో వద్దు. మూతయున్న గంపలో, దానికి వాసన తెలిసిన పాత చీరముక్క పరచి తీసికొనిపొండి.