ఆ ఒక్క రోజు ఎందుకు?



నవంబరు 14 అనగానే మనలో చాలామందికి బాలల దినోత్సవం, నెహ్రూ గారి ఫొటో, బడిలో పంచిన చాక్లెట్లు గుర్తుకొస్తాయి. అదే తేదీ ప్రపంచ మధుమేహ దినం కూడా. 1991లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కూడా దీన్ని గుర్తించింది. ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో పుట్టిన రోజు ఇది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ బాలుడికి మొదటిసారి ఆ మందు ఎక్కించారు. అంతకుముందు అలాంటి పిల్లలకు అన్నం బాగా తగ్గించి, ఇంకొన్నాళ్ళు బతికించడం తప్ప వేరే దారి లేదు. ఆ మందు మీద హక్కును బాంటింగ్, ఆయన తోటివారు ఒక్కొక్కరు ఒక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

చరిత్ర బాగానే ఉంది. కానీ మా ఫెలోషిప్‌లో ఒక సహోదరుడు నన్ను సూటిగా అడిగారు: "బ్రదర్, నెలనెలా ఏదో ఒక దినం వస్తూనే ఉంటుంది. ఒకరోజు గుండె, ఒకరోజు కిడ్నీ, ఒకరోజు షుగర్. మన దేహం దేవుని ఆలయమైతే ప్రతిరోజూ చూసుకోవాలి గదా, ఏడాదికి ఒక రోజేమిటి?"

ప్రశ్న న్యాయమైనదే. దినాలను ఆచరించడంలో మునిగిపోయిన గలతీయుల గురించి పౌలు కూడా భయపడ్డాడు. రోజు వచ్చింది, బ్యానర్ కట్టాం, ఫొటో దిగాం, వాట్సాప్‌లో పెట్టాం, మన బాధ్యత తీరిపోయింది అనుకుంటే ఆ భయం మనకూ వర్తిస్తుంది.

అయితే దినాల విలువ సంఘానికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? రోజులన్నీ దేవునివే. అయినా ఆయన ఏడింటిలో ఒకదాన్ని ప్రత్యేకించాడు. మిగతా ఆరు రోజులు ఆయనవి కావని కాదు. ఎప్పుడైనా చేయవచ్చులే అనుకున్న పని ఎప్పటికీ చేయని బలహీనత మనది. ఆ బలహీనతకు దేవుడు చూపిన కనికరమే విశ్రాంతి దినం. ఆ దినం మనిషి మేలు కోసమే గాని మనిషి దాని కోసం కాదని మార్కు సువార్తలో ప్రభువు తేల్చి చెప్పాడు. ఆరోగ్యం కోసం పెట్టిన రోజులను కూడా అదే కొలతతో కొలవవచ్చు. ఆ రోజు వల్ల మనిషికి మేలు జరిగిందా లేదా అన్నదే ప్రశ్న.

ఇక్కడ నా సంగతి చెప్పకుండా ముందుకు వెళితే నిజాయితీ అనిపించుకోదు.

కొన్నేళ్ళ క్రితం నవంబరులో ఒక ఆదివారం, ఆరాధన తర్వాత, మా హాలులో షుగర్, బీపీ చూసే బల్ల పెట్టాం. ముందు వారమే ముందు నిలబడి ప్రకటన చేసింది నేను. "అందరూ తప్పకుండా చూపించుకోండి" అన్నాను. సాయంత్రం కుర్చీలు సర్దుతుంటే నర్సుగా పనిచేసే ఒక చెల్లెమ్మ, "అన్నయ్యగారూ, మీది చూడలేదు" అంది. "నాకేం లేదమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను.

నేను చెప్పింది అబద్ధమా? నాకేదైనా ఉందో లేదో నాకు నిజంగా తెలియదు. కానీ తెలియకుండా ఉండాలనే కోరుకున్నాను. మా నాన్నగారికి చాలా ఏళ్ళు షుగర్ ఉండేది. ఒకరోజు ఆయన చెప్పులో చిన్న రాయితోనే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచారు. నరాలు దెబ్బతిని పాదం మొద్దుబారడంతో ఆయనకు ఏమీ తెలియలేదు. పుండు పడింది, మానలేదు, చివరికి పాదం తీసేశారు. అదంతా చూసినవాణ్ణి కాబట్టే నా వేలు చాచలేకపోయాను.

తెలియకపోవడం వేరు, తెలుసుకోకూడదని నిశ్చయించుకోవడం వేరు. మొదటిదానికి మనం బాధ్యులం కాకపోవచ్చు. రెండోది మనం చేసుకున్న ఎంపిక. దాని ఖర్చు మనమొక్కరమే కట్టం, ఇంట్లో వాళ్ళూ కడతారు. ఆరు నెలల తర్వాత నా భార్య పోరు పడలేక జీపీ దగ్గరికి వెళ్ళాను. హెచ్‌బీఏ1సీ 58 వచ్చింది. ఇక్కడి లెక్కలో 48 లేదా అంతకన్నా ఎక్కువైతే మధుమేహం. మందులు మొదలయ్యాయి. "ప్రార్థనా విజ్ఞాపనల్లో మాత్రం చెప్పొద్దు" అని ఆమె దగ్గర మాట తీసుకున్నాను. ప్రార్థన నడిపించేవాడికే జబ్బంటే ఎవరేమనుకుంటారో అని నా భయం.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగులకు సేవ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వాళ్ళ చేతులు, కాళ్ళు పాడవడానికి నొప్పి తెలియకపోవడమే ముఖ్య కారణమని గుర్తించారు. తర్వాత అమెరికాలో ఆ అనుభవాన్నే షుగర్ వల్ల మొద్దుబారిన పాదాల విషయంలోనూ ఉపయోగించారు. ఆయన దృష్టిలో నొప్పి దేవుడిచ్చిన వరం. ఈ సంగతి చదివినప్పుడు నాన్నగారి పాదంతో పాటు మా సంఘం కూడా గుర్తొచ్చింది. ఒక అవయవం బాధపడితే మిగతావన్నీ బాధపడే దేహం సంఘం. బాధ ఉన్నవాడు చెప్పకుండా దాచుకుంటే మిగతావాళ్ళకు ఎలా తెలుస్తుంది? మా దేహాన్ని మొద్దుబార్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మరుసటి ఏడాది నవంబరులో సాక్ష్యం సమయంలో లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. భోజనాల దగ్గర ఇద్దరు వచ్చి పక్కకు పిలిచారు. ఒకరికి నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, ఎవరికీ తెలియదు. ఇంకొకరు ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు మానేశారు. మళ్ళీ మొదలుపెడితే విశ్వాసం లేనట్టు అవుతుందేమోనని సిగ్గుపడుతున్నారు. ఆ వారంలోనే ఆయనతో కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఏడాదికి ఒక రోజు దేనికి అని అడిగిన సహోదరుడికి నా జవాబు ఇదే. ఆ రోజు లేకపోతే నాకు నోరు తెరిచే సందర్భం దొరికేది కాదు.

విశ్వాసానికి, వైద్యానికి పోటీ పెట్టేవారితో ఒక మాట. లూకా వైద్యుడు. పౌలు ఆయన్ని ఆ పేరుతోనే ప్రేమగా తలుచుకున్నాడు. మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. పూటకూళ్ళ ఇంటికి చేర్చి డబ్బు కూడా కట్టాడు. ప్రార్థన చేసి మాత్ర వేసుకోవడంలో విరోధమేమీ లేదు.

ఇంకో మాట నిందించేవారితో. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. టైప్ 1 వచ్చిన బిడ్డ తల్లితో "స్వీట్లు ఎక్కువ పెట్టావేమో" అనడం ఆ పాత ప్రశ్నే. అది తప్పు మాట, క్రూరమైన మాట కూడా. టైప్ 2లోనూ వంశం, వయసు పాత్ర ఉంది. మన దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువులోనే ఈ ప్రమాదం మొదలవుతుంది. అందుకే ఇక్కడ ఇతరులకు బీఎంఐ 25 దగ్గర చెప్పే జాగ్రత్త మనకు 23 దగ్గరే చెబుతారు. "నేను సన్నగానే ఉన్నాను గదా" అనే ధీమా మనకు పనికిరాదు.

దేవుడు ఎలాంటి ఉపవాస దినాన్ని కోరుకుంటాడో యెషయా 58వ అధ్యాయం చెబుతుంది. తల వంచుకుని కూర్చోవడం కాదు, కాడిమాను విరగగొట్టడం, ఆకలిగొన్నవాడితో ఆహారం పంచుకోవడం. అంటే ఒక దినం నిజమైనదో కాదో ఆ తర్వాతి రోజులే చెబుతాయి. కాబట్టి నవంబరు 15న మనం ఏం చేస్తామన్నదే అసలు సంగతి. ఇంగ్లండ్‌లో 40 నుంచి 74 ఏళ్ళ మధ్య ఉండి, ఇలాంటి జబ్బులు ఇంకా బయటపడనివారికి ఎన్‌హెచ్‌ఎస్ ఐదేళ్ళకోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేస్తుంది. పిలుపు వస్తే వెళ్ళండి. హాలులో వేలు గుచ్చి చూసింది తుది మాట కాదు, దాని తర్వాత ల్యాబ్ పరీక్ష చేయించుకోండి. ఇంగ్లీషు రాక, తోడు లేక ఆగిపోయిన పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఫెలోషిప్ భోజనంలో బిర్యానీ, గులాబ్‌జామూన్‌తో పాటు షుగర్ ఉన్నవాళ్ళు నిశ్చింతగా తినే కూర ఒకటి ఉండనివ్వండి. వద్దన్నవారి పళ్ళెంలో బలవంతంగా వడ్డించకండి.

ఈ నవంబరులో కూడా మా హాలులో ఆ బల్ల వేస్తాం. ప్రకటన మళ్ళీ నేనే చేస్తాను. ఈసారి వరుసలో మొదట నిలబడేది కూడా నేనే.

ప్రభువు మీ దేహాలను, ఆత్మలను క్షేమంగా కాపాడును గాక. ఆమేన్.